పదమూడో బొంత పలక

భారతి నెత్తళ్ళ తలలు తుంచుతోంది. నేల మీద పరిచిన పాత తమిళ పేపరు నిండా ఎండు నెత్తళ్ళ చేపల కుప్ప. బొటనవేలి గోటితో తల తుంచడం, పొట్ట చీల్చి నల్లటి పేగు లాగేయడం, మిగిలింది గిన్నెలో వేయడం. రోజూ చేసే పనే. ఈ రోజు మాత్రం తల తుంచినప్పుడల్లా ఎవరి మెడో విరుస్తున్నట్టు తుంచుతోంది.

ఎదురుగా పీట మీద కూర్చున్న యోగేశ్వరి అడక్కుండానే ఓ గుప్పెడు తన ముందుకు లాక్కుంది. చేతికి పని దొరికితే నోరు తేలిగ్గా తెరుచుకుంటుంది. మలేసియాలోని సుంగై సిపుట్ పోలీసు స్టేషన్లో పదకొండేళ్ళు పని చేసి ఆమె నేర్చుకున్నది అదొక్కటే. ఆ ఉద్యోగం వదిలేసి ఆరేళ్ళయింది. ఇప్పుడు మోటారు సైకిళ్ళ షాపు పైన అద్దె గదిలో కూర్చుని, పోలీసులు చాలించుకున్న చోట మొదలుపెడుతుంది.

"మంగళవారం సంగతి మళ్ళీ మొదట్నించీ సెప్పు, భారతీ."

"ఎన్నిసార్లు సెప్పాలక్కా? పోలీసోళ్ళకి మూడుసార్లు సెప్పినాను."

"ఆళ్ళకి సెప్పినావు. నాకు సెప్పనేదు. టైములు సెప్పు, సాలు."

భారతి చేతులాపకుండానే చెప్పింది. "పదకొండు గంటలకి మా ఆయన అమ్మని బైకెక్కించుకుని ఎల్లినాడు. అమ్మ రంగులేసిన పలక వెనకాల కట్టినాడు. పొగ కొట్టం గోడకి తగిలించి పదకొండున్నరకల్లా ఇంటికొచ్చేసినాడు. రమ్మని ఆయన గట్టిగా అరిసినా అమ్మ రానంది. ఒంటిగంటకి తిండి తిన్నాడు. ఒకటిన్నరకి ఫ్యాక్టరీకి ఎల్లిపోయినాడు. రాత్రి పదింటికి గేటు దాటగానే పోలీసోళ్ళు పట్టుకున్నారు."

"ఫ్యాక్టరీ కార్డు నేను సూసినాను. లోపలికి ఒకటి యాభై రెండు, బయటికి పది ఏడు. అమ్మ కనబడింది ఎప్పుడు?"

"ఏడుంబావుకి. కొట్టం ఎదురింటి వళ్ళియమ్మై అక్క సూసింది. నిచ్చెన కింద పడుందంట, తల పగిలి. ముత్యాలన్నే దగ్గరుండి ఆంబులెన్సు ఎక్కించినాడు. నాను ఎల్లేసరికి..." భారతి ఇంకో తల తుంచింది. "మూడు రోజులయిపోనాది. ఈపో ఆసుపత్రిలో గొట్టాలెట్టుకుని తొంగుంది. కళ్ళు తెరవనేదు."

యోగేశ్వరి సంచిలోంచి ఒక కాగితం తీసింది. పోలీసు రిపోర్టు నకలు, మలాయ్‌లో ఉంది. ఒక వరుస కింద ఆమె పెన్సిలుతో గీసిన గీత ఉంది. గాయపడిన మరిడమ్మ స్పృహ తప్పే ముందు 'మెనాంతు దాతాంగ్' అని చెప్పింది. అల్లుడు వచ్చాడు అని.

"మీ అమ్మకి మలాయ్ వచ్చా?"

"సంతలో బేరం ఆడడానికి వచ్చు. పానం పోయేటప్పుడు మలాయ్‌లో మాటాడతాదేటి?"

"అయితే ఆమె నోట్లోంచి వచ్చిన మాట ఏది? అల్లుడు అందా?"

భారతి చేతులు ఆగాయి. "అమ్మ ఆయన్ని ఏనాడూ అల్లుడనదు. 'నాయినా' అంటాది. కోపమొస్తే 'ఒరే ఇనోదూ' అంటాది."

"మరి నువ్వు లాకప్పుకి అన్నం ఎందుకు పంపడం నేదు?"

ఆ ప్రశ్న చెంపదెబ్బలా తగిలింది. భారతి గిన్నె పక్కకి నెట్టేసింది.

"ఎలా పంపమంటావు? కన్నతల్లి నోటితో సెప్పిందని పోలీసోళ్ళు అంటన్నారు. ముత్యాలన్న అంటన్నాడు. రోడ్డు మీద జనం అంటన్నారు. నాను పెళ్ళాన్నా, కూతుర్నా? ఆయన సేసుంటే ఉరి తియ్యమను. సెయ్యకపోతే ఇంటికి తే. నీకు కబురెట్టింది అందుకే."

రేపు పొద్దున తొమ్మిదింటికి వినోద్‌కుమార్‌ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. హత్యాయత్నం నేరం మోపితే బెయిలు కూడా కష్టమే. యోగేశ్వరి లేచి చేతులు కడుక్కుంది. నీచు వాసన పోలేదు. కోపం కూడా పోలేదు. ఒక మనిషి బతుకు ఒక్క మాట మీద వేలాడుతోంది. ఆ మాట ఏ భాషలో పుట్టిందో రాసుకునే ఓపిక ఎవరికీ లేకపోయింది.

*

పొగ కొట్టం ఎస్టేటు చివర ఉంది. ఒకప్పుడు రబ్బరు షీట్లు ఆరబెట్టి పొగ పట్టించిన ఎత్తయిన చెక్క భవనం. జింకు రేకుల కప్పు తుప్పు పట్టింది. రబ్బరు చెట్లు కొట్టేసి పామాయిలు తోట వేశాక దాని ముఖం చూసినవాళ్ళు లేరు. మరిడమ్మ ఒక్కతే చూసింది.

జీవితమంతా ఆమె పాత చీరల ముక్కలతో బొంతలు కుట్టింది. కళ్ళకి సూది ఆనకపోయాక నాలుగడుగుల ప్లైవుడ్ పలకలు కొనుక్కొచ్చి, అవే బొంతల ముక్కలు ఎనామిల్ రంగుల్లో వేయడం మొదలుపెట్టింది. త్రికోణాలు, చదరాలు, నక్షత్రాలు. ఒక్కో పలకా ఒక్కో బొంత. ఒక్కొక్కటే తెచ్చి ఈ గోడకి కొట్టించింది. అమెరికాలో రైతులు కూడా కొట్టాల మీద ఇలాగే బొంత పలకలు రాసి పెట్టుకుంటారని చూడ్డానికొచ్చిన తెల్లాయన చెబితే, "ఆళ్ళ గోడలకీ సలేస్తాదేటి?" అని నవ్విందట. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కూడా ముందు గదుల్లోకి, గేట్ల మీదకి పలకలు అడిగి రాయించుకున్నారు. ఈ గోడ మీదవి మాత్రం ఎవరడిగినా ఇవ్వలేదు.

పన్నెండు పాతవి. పదమూడోది మంగళవారం ఎక్కింది. దాని కిందే ఆమె పడింది.

యోగేశ్వరి నిచ్చెన ఎక్కింది. పదమూడో పలక పసుపు, ఎరుపు త్రికోణాల నక్షత్రం. కుడివైపు కింది మూలలో ఒకటే నల్ల త్రికోణం. దిష్టి ముక్క. ఎస్టేటు ఆడవాళ్ళు బొంత కుట్టినప్పుడు ఒక నల్ల ముక్క విడిగా దాచి ఉంచుతారు. బొంత మంచం మీద పరిచాకే దాన్ని కుడతారు. పలకలకి కూడా మరిడమ్మ అదే పద్ధతి. గోడ ఎక్కాక, ఎండ తగ్గాక, తనే నిచ్చెన ఎక్కి నల్ల ముక్క రాస్తుంది. ఎవరూ చూడని పలకకి దిష్టెవరు పెడతారు అనేది ఆమె వాదన.

జింకు రేకుల అంచు నుంచి తుప్పు నీరు కారి, పలక మీద మూడు గోధుమరంగు చారలు దిగాయి. రెండు చారలు అడుగుదాకా వచ్చాయి. మూడోది నల్ల త్రికోణం దగ్గరకొచ్చి మాయమైంది. త్రికోణం కింద, పలక అంచున, మళ్ళీ బొటనవేలంత కనబడింది.

యోగేశ్వరి నిచ్చెన జరుపుకుంటూ పక్క పలకల మీద కూడా వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. దాదాపు ప్రతి దిష్టి ముక్కకీ కింది కొసన గట్టిపడిన బొట్టు ఒకటి తగిలింది. నిలువు గోడ మీద చిక్కటి నలుపు రాస్తే అది కొద్దిగా కారుతుంది. నాలుగో పలకకి ఆ బొట్టు లేదు. తొమ్మిదో దానికీ లేదు. ఆ రెండిటి నలుపూ బల్ల మీద పడుకోబెట్టి రాసినట్టు నున్నగా ఉంది.

"అక్కా, ఆ నిచ్చెన కోర్టుకి పోవాలి. దిగు."

కింద ఇన్‌స్పెక్టర్ కుమరన్ నిలబడి ఉన్నాడు, వెనక ఒక కానిస్టేబుల్. కుమరన్ మాట్లాడేది తమిళం. యోగేశ్వరికి అది తెలుగంత సులువు. ఆరేళ్ళ కింద ఆమె చేతిలోని ఫైలు ఒకటి ఇతనే మూయించాడు. మర్నాడే ఆమె రాజీనామా ఇచ్చింది.

"మూడు రోజులు గాలికొదిలేసి ఇప్పుడొచ్చావా నిచ్చెన కోసం?" దిగుతూ తమిళంలోనే అంది. "వేలిముద్రలు కోతులు తుడిచేసుంటాయిలే."

"ముద్రలెందుకు? నేరస్తుడు లాకప్పులో ఉన్నాడు. పదకొండింటికి అత్తా అల్లుడూ అరుచుకోవడం ఎదురింటి ఆమె విన్నది. తోసేశాడు, వెళ్ళిపోయాడు. ముసలామె సాయంత్రందాకా పడి ఉంది. సుదా, అయిపోయింది."

"మంగళవారం వాన ఎప్పుడు పడింది?"

"వానతో ఏం పని?"

యోగేశ్వరి తలతిప్పి కేకేసింది. "వళ్ళియమ్మై అక్కా! మంగళవారం వాన ఎన్నింటికి?"

ఎదురింటి దండెం దగ్గర బట్టలు తీస్తున్న వళ్ళియమ్మై అప్పటికే చెవులు ఇటే వేసి ఉంది. "నాలుగింటికి మొదలయింది. అయిదుకి వెలిసింది. నా లుంగీలన్నీ తడిసిపోయాయి. మళ్ళీ ఇంతవరకూ చుక్క లేదు."

"విన్నావా? ఇప్పుడు పైకి చూడు. పలక పదకొండింటికి ఎక్కింది. నాలుగింటి వానకి తుప్పు కారింది. మూడో చార నలుపు కిందకి దూరింది. నలుపు పైన ఉంది, తుప్పు కింద ఉంది. అంటే నలుపు రాసింది అయిదు తర్వాత. పదకొండింటికి తల పగిలిన మనిషి అయిదింటికి లేచి రంగేసి, మళ్ళీ పడుకుందా?"

కుమరన్ పైకి చూశాడు. కనురెప్ప అదిరింది. వెంటనే సర్దుకున్నాడు.

"ఇంకెవరో రాసుండొచ్చు."

"ఇంకెవరో ఉన్నారంటే మరీ మంచిది. అయిదు తర్వాత ఇక్కడ ఇంకొకడున్నాడు. ఆ టైముకి వినోద్ చేతితొడుగులు డబ్బాల్లో సర్దుతున్నాడు, నలభై మంది మధ్య. ఎటు తిరిగినా నీ కేసు బోల్తా."

"పెయింటు చూసి కేసు కట్టమంటావా? ప్లైవుడ్ మీద ముసలామె గీసిన ముగ్గు..."

"ముగ్గా?" యోగేశ్వరి గొంతు లేచింది. కానిస్టేబుల్ ఒకడుగు వెనక్కి వేశాడు. "ఆ ముగ్గులే రెండు దొంగిలించి దొంగ పలకలు తగిలించారు, తెలుసా? నాలుగోది, తొమ్మిదోది. అసలువి ఏ కౌలాలంపూర్ బంగళా గోడ మీదో అలంకారంగా వేలాడుతుంటాయి. మంగళవారం దిష్టి ముక్క రాయడానికి ఎక్కి, పక్కనే ఉన్న తొమ్మిదోదాని మీద చెయ్యి ఆనించగానే ఆమెకి తెలిసిపోయుంటుంది, అది తన చేతిది కాదని. నువ్వు నిచ్చెన ఎక్కావా? ఒక్కసారైనా ఎక్కావా?"

"నేను ఎక్కక్కర్లేదు." కుమరన్ కూడా అరిచాడు. "బాధితురాలే చెప్పింది. నా చెవులతో విన్నాను. ఎవరు చేశారు అవ్వా అని అడిగితే మాప్పిళ్ళై వచ్చాడంది. ఈ వళ్ళియమ్మై ఒళ్ళోనే తల ఉంది. అడుగు!"

మాప్పిళ్ళై. తమిళంలో అల్లుడు.

వళ్ళియమ్మై బట్టల మూట గుండెకి హత్తుకుని వచ్చి నిలబడింది. "అవును చెల్లీ. మాప్పిళ్ళై అందనే ఇన్‌స్పెక్టర్ చెప్పారు."

"ఆయన చెప్పింది వద్దక్కా. నీ చెవిలో పడిన చప్పుడు చెప్పు. అర్థం చెప్పకు. చిలక పలికినట్టు పలుకు."

వళ్ళియమ్మై కళ్ళు మూసుకుంది. పెదాలు ఒకటి రెండుసార్లు ఉత్తినే కదిలాయి. "మాపి... మాపిటేల వచ్చినాడు. అంతే. రెండుసార్లు అంది." కళ్ళు తెరిచి, కాస్త సిగ్గుపడుతూ నవ్వింది. "మీ తెలుగోళ్ళు మాప్పిళ్ళైని కూడా వంకర తిప్పుతారనుకున్నాను."

నవ్వాలో, ఆ నిచ్చెన ఎత్తి కుమరన్ నెత్తిన వేయాలో యోగేశ్వరికి తెలియలేదు.

"నాతో రా, కుమరన్. భారతి ఇంటికి. ఒక్క మాట అడుగుదాం. నేను తప్పయితే ఈ జన్మలో నీ స్టేషన్ గడప తొక్కను."

"ఆ మాట రాసిస్తావా?" అన్నాడు కుమరన్. వేళాకోళంగానే జీపు తలుపు తెరిచాడు.

*

ఇంట్లో ముత్యాలు ఉన్నాడు. మరిడమ్మ పెద్దకొడుకు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ప్రతి ఆదివారం తెలుగు సంఘం హాల్లో పిల్లలకి తెలుగు అక్షరాలు దిద్దిస్తాడు. తల్లి పలకలు చూడడానికొచ్చే వాళ్ళని దగ్గరుండి తిప్పేదీ అతనే. కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నవాడు ఇన్‌స్పెక్టర్ని చూసి లేచాడు.

"రండి సార్. కూర్చోండి. సెల్లీ, కాఫీ ఎట్టు."

"కాఫీ వొద్దు," అంది యోగేశ్వరి. "భారతీ, ఇలా రా. నీకో ప్రశ్న. సాయంత్రం పూట అనడానికి మీ అమ్మ ఏటంటాది?"

భారతి వంటింటి గుమ్మంలో చేతులు తుడుచుకుంటూ నిలబడిపోయింది. "ఏటక్కా ఇప్పుడా ప్రశ్న?"

"సెప్పు."

"మాపిటేల అంటాది. పాతకాలపోళ్ళందరూ అంతేగా. మాపిటేల రా, మాపిటేల తిందాం..."

"మెల్లగా. ఇన్‌స్పెక్టరుగారికి ఇనపడేలా."

"మా-పి-టే-ల."

కుమరన్ ముఖంలో వేళాకోళం చల్లారిపోయింది. ఆ నాలుగక్షరాలూ అతని పెదాల మీద శబ్దం లేకుండా ఒకసారి తిరిగాయి.

యోగేశ్వరి తమిళంలోకి మారింది. "సాయంత్రం పూట వచ్చాడు. ఆమె చెప్పింది అదీ. నువ్వు దాన్ని మాప్పిళ్ళై అని విన్నావు, మలాయ్‌లో మెనాంతు అని రాశావు. మూడు భాషలు దాటేసరికి సాయంత్రం కాస్తా అల్లుడయిపోయింది. ఒక మగాడు మూడు రాత్రులుగా సిమెంటు నేల మీద పడుకున్నాడు నీ చెవి పుణ్యాన!"

భారతి గుమ్మం దాటి వచ్చింది. "అయితే... అమ్మ మా ఆయన పేరు సెప్పనేదా?"

"సెప్పనేదు."

"ఆగు, ఆగు." కుమరన్ చెంపలు ఎర్రబడ్డాయి. అవమానం అతనిలో కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టలేదు. "అంతా నా మీద తొయ్యకు. నాకు తెలుగు రాదు. రాదని నాకు తెలుసు. ఒక ముసలామె గొణుగుడు విని అరెస్టు చేసే పిచ్చివాణ్ణా? అందుకే అక్కడే అడిగాను."

"ఎవర్ని?"

"ఆమె కొడుకుని." వేలు ముత్యాలు వైపు చూపించాడు. "పక్కనే నిలబడి ఉన్నాడు. మాప్పిళ్ళై అంటోందా అని అడిగాను. అవునన్నాడు. మళ్ళీ అడిగాను. అవును సార్, మా బావగారి మాటే అన్నాడు. తెలుగు మాస్టారు చెబితే నమ్మక ఇంకేం చేస్తాను?"

ముత్యాలు కాఫీ కప్పు బల్ల మీద పెట్టాడు. "గాబరాలో... సరిగ్గా ఇనపడనేదు సెల్లీ. ఆంబులెన్సు సప్పుడు..."

"రెండుసార్లు అడిగినారంట." భారతి గొంతు చిన్నగానే ఉంది. "రెండుసార్లూ ఇనపడనేదా? మొన్నాదివారం నా కూతురికి మాపిటేలంటే తెలీదని అరచేతి మీద కొట్టినావు గదా. 'మన మాట మర్సిపోతే మనం మిగలం' అన్నావు. అది ఏడ్సుకుంటా ఇంటికొచ్చింది. నీకెప్పుడు మర్సిపోనాదన్నా?"

"ఏటలా మాటాడతావు? అమ్మని నానే గదా ఆంబులెన్సు..."

"నీకెవులు కబురెట్టినారు?" భారతి ముందుకొచ్చింది. "వళ్ళియమ్మై అక్క పోలీసోళ్ళకి ఫోన్ సేసింది, ఆంబులెన్సుకి సేసింది, నాకు సేసింది. నీ నెంబరు ఆమె దగ్గర నేదు. నాను గాబరాలో నీకు సెయ్యనే నేదు. మరి నాకన్నా ముందు అక్కడికెలా ఎల్లినావు? ఇన్నాళ్ళూ నాకా ఊహే రానేదు. మా అన్నవని."

ముత్యాలు గుమ్మం వైపు చూశాడు.

యోగేశ్వరి అతన్నే చూస్తోంది. నాలుగో పలక, తొమ్మిదో పలక. పెద్దమనుషుల్ని కార్లలో తీసుకొచ్చి, ఒక్కో పలక పేరూ చెప్పి, ఫోటోలు తీయించే మనిషి. ఏ పలక ఎవరికి నచ్చిందో, ఎంతకి కొంటారో తెలిసిన మనిషి. అన్నీ తెలిసినవాడికి దిష్టి ముక్క గోడెక్కాకే రాస్తారని మాత్రం తెలియలేదు. తల్లి నిచ్చెన ఎక్కినప్పుడు కింద నిలబడి ఒక్కసారైనా చూసి ఉంటే తెలిసేది.

"ఎప్పుడొచ్చినాడో సెప్పింది మీ అమ్మ," అంది నెమ్మదిగా, ముత్యాలుతో. "ఎవులొచ్చినారో సెప్పనేదు. ఎవరని అడిగినారు, ఎదురుగా నువ్వున్నావు. పేరు నోటిదాకా వొచ్చింది. మింగేసింది. కన్నకడుపు కదా. నిన్ను కాసుకోడానికి పేరు మింగేస్తే, నువ్వు ఆ మిగిలిన మాటని పట్టుకుని బావని లోపలికి తోసినావు!"

కోపం ఆమె ఒంట్లో ఉప్పొంగుతోంది. ఆ ఊపులోనే కుమరన్ వైపు తిరిగి, అడగకూడని చోట అడగకూడని ప్రశ్న అడిగేసింది.

"ఆసుపత్రిలో మరిడమ్మ మంచం దగ్గర నీ మనిషి ఎవరున్నారు?"

కుమరన్ తల దించుకున్నాడు. "నిన్నే తీసేశాను. నిందితుడు లోపలే ఉన్నాడు కదా అని. పొద్దున నర్సు ఫోన్ చేసింది. ముసలామె వేళ్ళు కదులుతున్నాయట, సాయంత్రానికి కళ్ళు తెరవొచ్చని. స్టేట్‌మెంటు తీసుకోడానికి రమ్మంది."

ఆ మాటలు తమిళంలో అన్నా ఆ గదిలో అర్థం కానివాళ్ళు ఎవరూ లేరు. యోగేశ్వరి నాలుక కరుచుకుంది. ఆలస్యమైపోయింది.

ముత్యాలు చెల్లెలి ముఖంలోకి చూశాడు. భారతి చూపు తిప్పుకోలేదు. అతను కుర్చీ వెనక వేలాడుతున్న హెల్మెట్ అందుకున్నాడు. కుమరన్ చెయ్యి చాచాడు గాని, ఆ చేతిలో ఇంకా తప్పు చేసినవాడి తడబాటే ఉంది. చొక్కా కొస అందలేదు. జీపు గేటు దగ్గర లేదు, వీధి చివర ఆపి వచ్చారు.

"అన్నా!" భారతి కేక పెట్టింది. "అమ్మ దగ్గరికి ఎల్లకు. అన్నా, ఇంటన్నావా?"

ముత్యాలు వెనక్కి తిరగలేదు. చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి, వట్టి కాళ్ళతో గడప దాటి, బైకెక్కి ఈపో ఆసుపత్రి వైపు వెళ్ళిపోయాడు.